తప్పు తనదన్న గుమస్తా గారు

మా గుమస్తా గారు పోయారు. నాకు తెలిసేసరికి సమాధి కూడా అయిపోయింది. అనకాపల్లి కోర్టులో ఒక చిల్లర దొంగతనం కేసుకి వాయిదా అడిగి బయటికొస్తుంటే, చోడవరం బస్సులో వచ్చిన కక్షిదారు ఒకడు చెప్పాడు. "మీ పాత గుమస్తాగారు నిన్న పోనారు బాబూ. మాపటేల సమాధి సేసేసేరు. మీకు కబురు రానేదేటి?" అన్నాడు. రాలేదు. కబురు పంపవలసినంత దగ్గరివాడిగా నేను మిగల్లేదేమో. మిగిలిన రెండు కేసులూ జూనియరుకి అప్పగించి, కోర్టు గోడవారన నీడలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. భయం వేసింది.

ఆయన గురించి పది మంచి మాటలు రాసి ఊరుకోవచ్చు. పదీ నిజమే అవుతాయి. కాని నాకు తెలిసిన అసలు సంగతి ఆయన మంచితనం కాదు, నా నోటి దురద. దాని వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ నింద ఇన్నాళ్ళూ ఆయన మోశారు. సంగతి తెలిసినవాళ్ళు మొత్తం ముగ్గురం. అందులో పెద్ద ప్లీడరు గారు నిరుడే పోయారు. ఇప్పుడు ఈయనా పోయారు. ఇక నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి చెబుతున్నాను.

ఆయన ప్లీడరు కాదు. చోడవరంలో క్రిమినల్ కేసులు చూసే పెద్ద ప్లీడరు గారి దగ్గర గుమస్తా. లా పరీక్ష పాసైన వాడు ఒక ఏడాది సీనియరు దగ్గర పని నేర్చుకుంటే గాని పట్టా ఇవ్వరు. ఆ ఏడాది గడుపుకోవడానికి మా ఆఫీసుకి ఏటా ఒకరో ఇద్దరో కుర్రాళ్ళు వచ్చేవారు. కాగితం మీద మేమంతా ప్లీడరు గారి శిష్యులం. నిజానికి మాకు పని నేర్పింది గుమస్తా గారు. ప్లీడరు గారికి అంత తీరిక ఎక్కడిది!

నేను వడ్డాది నుంచి వచ్చాను. చేరిన రోజున కొత్త కోటు తొడుక్కుని, చంకలో రెండు లావుపాటి చట్టం పుస్తకాలు పెట్టుకుని వెళ్ళాను. ఆయన వరండాలో పీట మీద కూర్చుని కేసు కట్టలకి పురికొస కడుతున్నారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. కళ్ళద్దాల కాడ ఒకటి విరిగిపోతే దారంతో చెవికి కట్టుకున్నారు. నన్ను ఎగాదిగా చూసి, "ఆ పుస్తకాలు బల్ల మీద పెట్టీండి బాబూ. గొడుగుందా?" అన్నారు.

"గొడుగెందుకండీ?"

"బుచ్చయ్యపేట దాకా నడవాలి. ఎండ మండిపోతంది."

అక్కడ కళ్ళం దగ్గర ఏదో కొట్లాట. పోలీసు కాగితాలు ఒకసారి చూస్తానంటే ఇవ్వలేదు. "ముందు కాయితం చదివేరంటే మీ కళ్ళు కాయితం చెప్పిందే చూస్తాయి. ముందు చోటు చూడండి" అన్నారు. ఆ కళ్ళంలో నన్ను ఒక చోట నిలబెట్టి, తను జేబులోంచి ఒక పురికొస తీశారు. దానికి గజానికొక ముడి ఉంది. కళ్ళం నుంచి పక్కనున్న ఇంటి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బావి దాకా కొలుచుకుంటూ తిరిగారు. ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నాకు సిగ్గేసింది. లా చదివింది పురికొసలు పట్టుకోవడానికా అనుకున్నాను. సాయంత్రం ఆఫీసుకి వచ్చాక కాగితాలు చేతికిచ్చి "ఇప్పుడు చదవండి" అన్నారు. మూడో పేజీలోనే, బావి దగ్గర నిలబడి గుమ్మంలో మాటలు విన్నానన్న సాక్షి దొరికాడు. అంత దూరం నుంచి అరుపు వినబడుతుందేమో గాని మాట వినబడదు. ఎవరూ వేలుపెట్టి చూపించకుండానే నాకు తెలిసిపోయింది. అంతకు ముందు మూడేళ్ళు నేను చదివింది ఏమిటో ఆ రాత్రి చాలాసేపు అర్థం కాలేదు.

ఆయన ముద్దాయి ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏదీ రాసుకునేవారు కాదు. పెన్సిలు చెవి మీదే ఉండేది. వాళ్ళు వెళ్ళిపోయాక మొదటి మాట నుంచి చివరి మాట దాకా రాసేవారు. "పెన్సిలు చూస్తే మనిషి మాట బిగుసుకుపోద్ది" అనేవారు. సబ్ జైలుకి ఎప్పుడు వెళ్ళినా ఒక బీడీ కట్ట కొనేవారు. తను ముట్టరు, ముద్దాయికి ఇవ్వడానికి. ఆయన క్రైస్తవులు. కోర్టు వరండాలో కక్షిదార్ల మధ్య క్యారియరు విప్పినా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోకుండా ముద్ద ఎత్తేవారు కాదు. ఒకసారి నేను గడియారం చూసుకుంటూ కూర్చుంటే, కళ్ళు తెరిచి "బంట్రోతు పిలిస్తే నాకూ వినబడుద్ది బాబూ" అన్నారు.

అబద్ధం మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు. క్రిమినల్ ప్లీడరు గుమస్తా అంటే సాక్షులకి పాఠాలు చెప్పేవాడని ఊళ్ళో అనుకుంటారు. ఆయన ఒక్కరికీ నేర్పలేదు. "నేర్పిన మాటే ముందు విరిగిపోద్ది. అయినా మనకెందుకా పని? వాళ్ళ మాట నిలబడతందా లేదా, అది చూస్తే చాలు" అనేవారు. ముద్దాయి నేరం చేశాడా లేదా అని నేనొకసారి అడిగాను. "అది మనల్ని ఎవరూ అడగరు. మనం అడిగినా నిజం రాదు. చూసేనన్నవాడు చూసేడా? అది పట్టుకోండి" అన్నారు.

ఇక ఆ కేసు సంగతి.

దేవరాపల్లి దాటాక ఒక చిన్న ఊరు. చెరకు తోటకి నీటి వంతు దగ్గర ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు కొట్టుకున్నారు. రెండు రోజుల తరవాత, పొద్దు గూకే వేళ, అందులో ఒకడు తోట గట్టు మీద తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. రెండోవాణ్ణి పట్టుకున్నారు. పాతికేళ్ళవాడు. తండ్రి లేడు, పెళ్ళి కాలేదు, తల్లికి ఒక్కడే. చూసిన సాక్షి ఒక్కతే. బెల్లం గానుగ దగ్గర పనిచేసే మనిషి. తను గానుగ దగ్గర నిలబడి ఉండగా, గట్టు మీద వాడు పారతో కొట్టడం కళ్ళారా చూశానని ఆమె పోలీసులకి చెప్పింది. ఆ ఒక్క మాట మీదే వాడి మెడకి ఉరి వేలాడుతోంది. ఆ మాట విరిగితే వాడు ఇంటికి వస్తాడు. విరగకపోతే రాడు.

కేసు మా ఆఫీసుకి వచ్చిన మర్నాడే గుమస్తా గారు నన్ను తీసుకుని ఆ ఊరు వెళ్ళారు. నన్ను గట్టు మీదకి పంపించి తను గానుగ దగ్గర నిలబడ్డారు. మధ్యలో చెరకు నిలువెత్తుకి మించి ఉంది. ఆయన నాకు కనబడలేదు, నేను ఆయనకి కనబడలేదు. కేకలు వేసుకున్నాం.

"చెయ్యెత్తండి బాబూ!"

"ఎత్తేనండీ!"

"గొడుగు ఎత్తండి!"

"ఎత్తేనండీ!"

"గొడుగు కొన కూడా అవపడతం లేదు!" అన్నారు. ఆయన గొంతు అలా పైకి లేవడం నేను వినడం అదే మొదటిసారి. చెరకు ఆకుకి మొహమంతా కోసుకుపోయినా తోటలోంచి అడ్డంగా నడిచి వచ్చేశారు. చెమటలు కారుతూ నవ్వుతున్నారు. "చూళ్ళేదు బాబూ. ఆవిడ చూళ్ళేదు. గుంటడు బతికేడు" అన్నారు. తోట ఇంకా నరకలేదని కరణం రాసిన పంట లెక్క, అడంగలుకి నకలు కూడా ఆ పూటే తీయించారు.

తిరుగు దారిలో గట్టిగా చెప్పారు. చదివేవారికి ఇక్కడ కొంచెం విడమరచాలి. హత్య కేసు ముందు చోడవరంలో సబ్ మేజిస్ట్రేటు ముందుకి వస్తుంది. ఆయన శిక్ష వేయరు. సాక్షుల మాటలు రాయించుకుని, ఆధారం ఉందనిపిస్తే విశాఖపట్నం సెషన్సు కోర్టుకి పంపిస్తారు. అసలు విచారణ అక్కడ. అందుకని తెలిసిన ప్లీడరు ఎవరూ మొదటి కోర్టులో నోరు విప్పరు. మన దగ్గరున్న ప్రశ్న అక్కడే అడిగేశామా, అవతలివాళ్ళకి నాలుగు నెలలు టైము ఇచ్చినట్టే. చిరుగు ఎక్కడుందో మనమే చూపిస్తే వాళ్ళు కుట్టుకుని వస్తారు.

"చోడవరంలో మనం చెవులే. నోరు విశాఖపట్నంలో" అన్నారు గుమస్తా గారు. "ఈ చెరకు సంగతి మీ నాన్నగారికి కూడా చెప్పకండి."

నేను సరేనన్నాను.

సబ్ మేజిస్ట్రేటు ముందు ఆ సాక్షిని విచారించే రోజుకి ప్లీడరు గారు వేరే కేసు మీద విశాఖపట్నంలో ఉన్నారు. గుమస్తా గారికి చలిజ్వరం. ముందు రోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి మూడు దుప్పట్ల కింద వణుకుతున్నారు. పట్టా లేని నాబోటివాడు కూడా మేజిస్ట్రేటు ఒప్పుకుంటే ఆ కోర్టులో ముద్దాయి తరఫున నిలబడవచ్చు. "రేపు మీరెళ్ళండి. అన్నీ రాయండి. అడక్కండి" అన్నారు. పళ్ళు కొట్టుకుంటున్నా ఆ మూడు మాటలూ విడివిడిగా పలికారు.

పొద్దున్న కోర్టు వరండాలో ముద్దాయి తల్లి నా కాళ్ళ మీద పడింది. ఎంత వెనక్కి జరిగినా వదల్లేదు. "ఆ సబ్ జైల్లో నా గుంటడు నోరెండిపోయి ఉన్నాడు బాబూ. మొన్న వాయిదాకీ ఎవులూ మాటాడనేదు. అంతా రాసుకుంతన్నారే గాని, ఒక్కలూ నోరిప్పరేటి? నువ్వైనా ఏటైనా అడుగు బాబూ. ఒక్క మాట అడుగు" అంది.

లోపలికి వెళ్ళాను. సాక్షి బోను ఎక్కింది. గానుగ దగ్గర నిలబడి చూశానని పోలీసులకి చెప్పినట్టే చెప్పింది. నేను రాసుకున్నాను. మేజిస్ట్రేటు గారు కలం పెట్టి నా వైపు చూసి, "ఏం బాబూ, అడగవలసిందేమీ లేదా? మీ సీనియరు గారు నోటికి తాళం వేసి పంపారా?" అన్నారు. సరదాకే అన్నారు. బల్ల ముందు కూర్చున్న నలుగురూ నవ్వారు. కిటికీలోంచి ఆ తల్లి మొహం కనబడుతోంది. నా పెదాల వైపే చూస్తోంది.

లేచాను. జాలి వల్ల లేచానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కొంత జాలే. మిగిలింది తలపొగరు. నలుగురూ నవ్వారన్న ఉక్రోషం.

"గట్టుకీ గానుగకీ మధ్య తోట ఉంది కదూ?"

"ఉంది బాబూ."

"నరికేశారా, నిలబడి ఉందా?"

"నిలబడే ఉంది."

"నీకంటే ఎత్తా, పొట్టా?"

"ఎత్తే."

"మరి గట్టు మీద జరిగింది నీకెలా కనబడింది?"

ఆమె మాట్లాడలేదు. పమిట కొంగు నలుపుకుంటూ నిలబడిపోయింది. మేజిస్ట్రేటు గారు కూడా తలెత్తి చూశారు. కిటికీ బయట ఆ తల్లి రెండు చేతులూ జోడించింది. నేను కూర్చున్నాను. అంత సంతోషం నా జన్మలో ఎప్పుడూ లేదు, మళ్ళీ రాలేదు.

అప్పుడే మధ్యాహ్నం భోజనాలకి లేచారు. ఆ గంటలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో నేను చూడలేదు. తిరిగి కూర్చున్నాక ప్రాసిక్యూషను నడిపే ఇన్‌స్పెక్టరు లేచి తిరుగు ప్రశ్న ఒక్కటే వేశాడు. "ఆ వేళకి నువ్వు నేల మీద ఉన్నావా, ఎక్కడైనా ఎక్కి ఉన్నావా?"

"గానుగ దగ్గర బండి మీదున్నాను బాబూ. చెరకు దించుతన్నాను. అంత ఎత్తు మీంచి అంతా అవుపడతాది" అంది.

మేజిస్ట్రేటు గారు రాసుకున్నారు.

సాయంత్రం గుమస్తా గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. తల్లి కాళ్ళ మీద పడడం, కోర్టులో వాళ్ళు నవ్వడం, నేను అడగడం, అన్నీ వరసగా. ఆమె ఎలా నీళ్ళు నమిలిందో కొంచెం గొప్పగానే చెప్పి ఉంటాను. ఆయన వణుకు ఆగి వింటున్నారు. చివరికి ఒక్కటే అడిగారు. "బండి మాట రికార్డులోకి ఎక్కిందా?"

"ఎక్కిందండీ."

గోడవైపు తిరిగి పడుకున్నారు. అటే తిరిగి ఉండి, "ఇంటికెళ్ళి అన్నం తినండి బాబూ" అన్నారు. అప్పటికి గాని నేనేం చేశానో నాకు పూర్తిగా తెలియలేదు.

సెషన్సు కోర్టుకి వెళ్ళేసరికి చెరకు లేదు, బండి ఉంది. బండి తోలినవాడు ఒకడు, బండి చూసినవాడు ఇంకొకడు సాక్ష్యానికి వచ్చారు. పెద్ద ప్లీడరు గారు గొంతు చించుకున్నారు. పోలీసులకి చెప్పిన మాటలో బండి ఊసే లేదు కదా అన్నారు. పోలీసులు అడిగి ఉండరు, మేజిస్ట్రేటు ముందు మొదటి రోజే చెప్పింది కదా అన్నారు జడ్జి గారు. ఆ ప్రశ్న అక్కడ, మొదటిసారిగా, జడ్జి గారి ఎదుట పడి ఉంటే ఆమెకి భోజనం గంట ఉండేది కాదు. బండీ ఉండేది కాదు. ప్లీడరు గారు నన్ను తిట్టలేదు. కారిడార్లో నా పక్కనుంచి వెళుతూ, "అది ఇక్కడ అడగవలసిన ప్రశ్న" అని మాత్రం అన్నారు. ఆ తరవాత నాతో పని విషయాలే మాట్లాడేవారు.

ఉరిశిక్ష వేశారు.

బయట మెట్ల మీద ఆ తల్లి మమ్మల్ని ఆపింది. ఏడవడం లేదు. "ఎక్కడ తప్పొచ్చింది బాబూ? ఆ రోజు గెలిసేసినట్టే ఉన్నాది కదా. ఎవులు సేసేరు తప్పు?" అని ఒక్కొక్కరి మొహమే చూసింది. ప్లీడరు గారు తల తిప్పుకున్నారు. నేను ఒక మెట్టు వెనక్కి జరిగాను. గుమస్తా గారు నన్ను దాటి ఒక అడుగు ముందుకు వేశారు.

"తప్పు నాదమ్మా. ఒక కాయితం పెట్టవలసిన వేళకి పెట్టలేకపోయేను" అన్నారు.

అలాంటి కాగితం ఏదీ లేదు. ఆయన అబద్ధం చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. తల్లి ఆయన మొహం మీద ఉమ్మేసింది. ఆయన తుడుచుకోలేదు.

హైకోర్టు అప్పుడు గుంటూరులో ఉండేది. అక్కడా శిక్ష ఖాయం చేశారు. క్షమాభిక్ష అర్జీ గుమస్తా గారే రాశారు. అదీ తిరిగొచ్చింది. రాజమండ్రి జైలుకి ఆ తల్లిని తోడు తీసుకుని వెళ్ళిన మనిషి కూడా ఆయనే. దారి పొడుగునా ఆమె తిడుతూనే ఉందట. నేను వెళ్ళలేదు. అప్పటికి నా పట్టా వచ్చింది, అనకాపల్లిలో గది చూసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే గది దొరికి అప్పటికే నెల అయింది.

ఆ తరవాత చోడవరం సంతకి వచ్చినప్పుడల్లా ఆమె ఆఫీసు ముందు నిలబడి దుమ్మెత్తి పోసేది. మాట వరసకి అనడం లేదు, నిజంగానే వీధిలో మన్ను గుప్పెటతో తీసి వరండాలోకి విసిరేది. "నా కొంప తీసినోడా, నీ కాయితాలు కాలిపోను" అనేది. గుమస్తా గారు పీట మీంచి లేచి నిలబడేవారు. ఆమె అలసిపోయేదాకా నిలబడి, కూజాలోంచి నీళ్ళు ముంచి గడప మీద పెట్టి లోపలికి వెళ్ళేవారు. ఆమె ఆ నీళ్ళు తాగేది. తాగి వెళ్ళిపోయేది. నేను కేసు పని మీద వెళ్ళినప్పుడు రెండుసార్లు చూశాను. రెండుసార్లూ లోపలి గదిలో నిలబడి చూశాను.

కిందటి వర్షాకాలంలో ఆయనకి బాగులేదని తెలిసి వెళ్ళాను. మనిషి సగమయ్యారు. కళ్ళద్దాలు తీసేసి పక్కన పెట్టుకున్నారు. నేను ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మాట అప్పుడు అనేశాను. "నా పేరు చెడకుండా కాపాడారు. ఆ రోజు మీరు ముందుకు రాకపోతే నాకు ఒక్క కేసు వచ్చేది కాదు. మీ రుణం తీర్చుకోలేను" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి కాసేపు చూశారు. అర్థం కాని మనిషిని చూసినట్టే చూశారు.

"మీ పేరా?" అన్నారు. "మీ పేరు సంగతి నాకు తోచనేలేదు బాబూ."

నేను మంచం దగ్గరికి జరిగాను.

"అడగమన్నది ఆవిడే కదా. కాళ్ళట్టుకుని అడిగించింది కదా. మీరే చెప్పేరు కదా ఆ సాయంత్రం. తప్పు ఆ ప్రశ్నలో ఉందని తెలిస్తే, దాన్ని అడిగించింది తనేనని ఆవిడకి ఎంతసేపట్లో తెలుస్తాది? కొడుకుని తనే చంపుకున్నానని తెలిసేక ఇక బతుకుద్దా?" అన్నారు. ఆయాసం వచ్చి ఆగారు. "నన్ను తిట్టుకుంటే బతుకుద్ది. అంతే. మీ కోసం కాదు."

ఇంకేమైనా అంటారేమో, కోపమైనా పడతారేమో అని కూర్చున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. నిద్రో, ప్రార్థనో తెలియలేదు. "నన్ను ఒక్క మాటైనా అనలేదు మీరు" అన్నాను చివరికి. కళ్ళు తెరవకుండానే, "అంటే గుంటడు లెగిసొస్తాడేటి?" అన్నారు. అదే ఆయన నాతో అన్న ఆఖరి మాట. క్షమించానని అనలేదు. క్షమించలేదని కూడా అనలేదు. ఆ లెక్కలో ఆయనకి నేను లేనే లేను.

చావు కబురు విన్న మర్నాడు చోడవరం వెళ్ళాను. ఇంటి ముందు పందిరి వేశారు. లోపల ప్రార్థన అయిపోయి, వచ్చినవాళ్ళకి టీ ఇస్తున్నారు. ఆయన కొడుకు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. కూర్చోబోతుంటే వీధిలోంచి ఆమె వచ్చింది. బాగా వంగిపోయింది. కాళ్ళకి చెప్పులు లేవు, మోకాళ్ళ దాకా దుమ్ము. పందిరి కింద వాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆమె ఎవరో ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు.

"పోనాడంట కదా?" అంది.

"పోయేరమ్మా" అన్నాడు కొడుకు. లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆమె నీళ్ళు ముట్టుకోలేదు. గుంజకి ఆనుకుని కింద కూర్చుంది. "పొద్దున్న లెగిస్తే తిట్టేను. తొంగున్నా తిట్టేను. ఒక్కనాడు ఎదురు సెప్పనేదు ఆ మడిసి" అంది, ఎవరితో అని లేకుండా. "ఇప్పుడు నానెవుల్ని తిట్టుకోవాల బాబూ?"

ఆమె కళ్ళు ఒక్కొక్కరి మీద నుంచీ జరుగుతూ నా దగ్గరికి వస్తున్నాయి. విశాఖపట్నం మెట్ల మీద ఆయన వేసిన అడుగు ఈసారి నేను వేయాలి. ఇంక వేయడానికి వేరే మనిషి లేడు. లేచి వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నన్ను తిట్టుకో అమ్మా. తప్పు ఆయనది కాదు, నాది. చోడవరం కోర్టులో ఆ రోజు నీ కొడుకు తరఫున నిలబడింది నేనే" అన్నాను.

ఆమె చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నన్ను పరకాయించి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆ మొహం విచ్చుకుంది.

"నువ్వా బాబూ? కోటేసుకున్న సిన్న ప్లీడరువి నువ్వేనేటి? నిన్ను మరిసిపోతానా! నా గుంటడి కోసం నోరిప్పినోడివి నువ్వొక్కడివే కదా. ఆ ఆడది మాటాడనేక గుడ్లప్పగించి నిలబడిపోనాది. నా కళ్ళతో సూసేను. ఆ గుమస్తా కాయితం పెట్టుంటే నీ మాట నిలబడిపోవును, నా గుంటడు బతికుండును. నిన్ను తిడితే నా నోరు పడిపోదా?"

"అమ్మా, అది కాదు..." అన్నాను.

అది కాదంటే మరేమిటో చెప్పాలి. చెబితే, ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళాలి. ప్రశ్న దగ్గరికి వెళితే, వరండాలో నా కాళ్ళు పట్టుకున్న చేతులు అవే. ఆ చేతులు ఇప్పుడు నా చెంపల మీద ఉన్నాయి. గరుకుగా, వేడిగా ఉన్నాయి. ఆయన చచ్చిపోయినా ఆయన చెప్పిన అబద్ధం చావలేదు. దాన్ని నేను పగలగొట్టలేను, దాని కిందకి దూరనూ లేను. నోరు మూసుకున్నాను. మూయవలసిన రోజున మూసుకుంటే సరిపోయేది.

"సల్లగుండు బాబూ. పిల్లాపాపల్తో సల్లగుండు" అని గుంజ పట్టుకుని లేచింది. గుమస్తా గారి కొడుకు ఇచ్చిన నీళ్ళు అలాగే ఉండిపోయాయి. వీధి చివరిదాకా నేను వెనకాలే వెళ్ళాను. బస్సు ఎక్కిస్తానంటే వద్దంది. దేవరాపల్లి రోడ్డు పట్టుకుని ఎండలో కర్ర లేకుండా నడిచింది. మలుపు తిరిగే ముందు ఆగింది. వెనక్కి తిరిగి, నేనింకా అక్కడే ఉన్నానని చూసుకుని, రెండు చేతులూ తల మీదకెత్తి నాకు దణ్ణం పెట్టింది.